పెదనాన్న గీసిన మెదడు

మూగమ్మకు నోట్లో నాలుక లేదని వీధిలో అందరూ అనుకునేవారు. నాలుక లేకేం, ఉంది, అదీ మహా పదునైనది. బయటికి తీయడానికే సిగ్గు. ఇంటికి ఎవరొచ్చినా తలుపు చాటుకు పోయి నిలబడి, వచ్చినవాళ్ళను మనసులోనే చీల్చి చెండాడేది. ఆ చెండాటలో పెద్ద వాటా పెదనాన్నదే.

పెదనాన్న మొదట నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు. తర్వాత నడుంనొప్పి తగ్గించే పరుపులు అమ్మాడు. అవి కొన్నవాళ్ళు ఆయన కోసం వెతకడం మొదలుపెట్టాక, ఇకమీదట కంటికి కనబడనిదే అమ్మాలని ఆయనకు జ్ఞానోదయమైంది. టైర్ల షాపు మీద గది తీసుకుని మెదడు వికాస కేంద్రం అని బోర్డు తగిలించాడు. పిల్లల్ని అక్కడికి పంపితే వాళ్ళ చిన్నమెదడును పెద్దమెదడుగా మార్చి ఇస్తాడట. చిన్నమెదడంటే చిన్నతనంలో ఉండే మెదడని, అదే పెరిగి పెద్దమెదడవుతుందని ఆయన నమ్మకం. పదో తరగతి పుస్తకం తెరిస్తే తీరిపోయే అనుమానం. అయితే తెరవాలంటే ముందు అనుమానం రావాలి కదా.

అదే పుస్తకం చదివి మూగమ్మ పది పాసైంది. పై తరగతిలో సైన్సు తీసుకోవాలని ఆమె ఆశ. ఆ మాట నాన్నతో చెప్పడానికే వారం పట్టింది. నాన్న వెళ్ళి అన్నగారిని అడిగాడు. పెదనాన్న ఆమె నుదుటి మీద నాలుగు వేళ్ళు ఆనించి కొలిచాడు.

"దీనికి నుదురు ఇరుకురా. సైన్సు పట్టదు. నా దగ్గర కూర్చుని ఫోన్లెత్తుతుంది" అన్నాడు.

నాన్న సరేనని తలూపాడు. అన్నగారు ఏమన్నా అటే ఊగే తల అది. నోరు విప్పని పిల్లను ఫోన్లెత్తడానికి పెట్టుకునే మనిషి లోకం మెదళ్ళు బాగుచేస్తాడట, అని మూగమ్మ లోలోపల పళ్ళు నూరింది. కాలేజీలో పేర్లు రాసుకోవడం వచ్చే వారంతో ముగిసిపోతుంది.

ఫోన్ల కంటే ముందు టోపీ వచ్చిపడింది. మెదడు బొమ్మ కొనడం దండగని పెదనాన్న ఈతగాళ్ళు పెట్టుకునే తెల్ల రబ్బరు టోపీ ఒకటి తెచ్చి, పెద్దమ్మ గోళ్ళరంగులతో దాని మీద మెదడు గీశాడు. ఫోన్‌లో బొమ్మ చూస్తూ గీశాడు కనుక గీత బాగానే కుదిరింది. నడినెత్తి మీదుగా పొడుగాటి గాడి, దానికి అటొకటి ఇటొకటి రెండు సగాలు, పేగుల్లా మెలికలు తిరిగిన ముడతలు, ఒక్కో సగంలో నాలుగు భాగాలకు నాలుగు రంగులు. అడుగున, విడిగా, సన్నసన్న గీతలతో చిన్నమెదడు. చిక్కల్లా ఏది ముందో ఏది వెనకో అన్న దగ్గరే వచ్చింది. చిన్నది ముందొస్తుంది, పెద్దది తర్వాతొస్తుంది కదా అని ఆయన చిన్నమెదడు ఉన్నవైపు ముందు అని రాశాడు. టోపీ మూగమ్మ తలకు బిగించేసరికి చిన్నమెదడు సరిగ్గా కనుబొమల మీదికొచ్చి కూర్చుంది. ఆలోచించాల్సిన భాగం పోయి జడ మీద పడింది.

ఆదివారం పొద్దున గది నిండింది. ముందు వరసలో దర్జీ, అతని పక్కన బస్సు డ్రైవరు భార్య, వెనక ఇంకొందరు తల్లులూ తండ్రులూ. చివరి కుర్చీలో నాన్న. మూగమ్మను అందరికీ ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. రబ్బరు కింద చెవులు మండుతున్నాయి.

"గుర్తుందిగా?" పెదనాన్న వంగి ఆమె చెవిలో అన్నాడు. "నేను తల మీద తట్టగానే 'నా చిన్నమెదడు పెద్దమెదడైంది' అనాలి. అంతే. ఆమాత్రం అనలేవా మొద్దూ?"

తర్వాత రూళ్ళకర్ర తీసుకుని జనం వైపు తిరిగాడు. "ఈ ఎర్రరంగు చూశారూ, చూపు ఇందులో ఉంటుంది. కళ్ళు ముందున్నాయి కాబట్టి చూపూ ముందే ఉండాలి. అవునా, కాదా?"

అవునన్నారంతా. కాదనడానికి కాస్త ఆలోచించాలి మరి.

"మరి వెనక నుంచి ఏదైనా బండి వస్తేనండీ?" దర్జీ అడిగాడు.

"అది రెండో నెల పాఠంలో వస్తుంది" అని పెదనాన్న మూగమ్మ తల మీద కర్రతో తట్టాడు.

ఆ ఒక్క మాట అనేస్తే ఇవాళ్టికి గండం గడుస్తుంది. కానీ వచ్చే ఆదివారమూ అనాలి, ఆ పై ఆదివారమూ అనాలి, ఈ టోపీ కిందే జుట్టు నెరిసిపోవాలి. ఆమెకు సిగ్గు ఎంతుందో అంతే ఉంది. రోత మాత్రం దాన్ని దాటిపోయింది.

"పెదనాన్నా, టోపీ తిరగబడింది" అంది.

ఆమె రెండు చేతులతో టోపీ పట్టుకుని వెనకది ముందుకు తిప్పింది. రబ్బరు జుట్టును పీకుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చిన్నమెదడు వెనకుంటుంది, మెడకు పైన. అది ఎప్పటికీ పెద్దమెదడు అవదు. మనం తూలి పడకుండా చూడటం దాని పని. చూపు వెనకే. వినికిడి కణతల దగ్గర. ముట్టుకుంటే తెలిసేది నడినెత్తికి అటూ ఇటూ. ఆలోచన ముందు."

ఇక కుర్చీలు జరుగుతాయని, జనం లేచిపోతారని, బోర్డు ఊడుతుందని ఆమె అనుకుంది. దర్జీ నిజంగానే లేచాడు.

"ఈ అమ్మాయి మా షాపుకొస్తే కొలతలు కూడా వేలితో చూపించేదండీ. గొంతు వినడం ఇదే మొదలు" అన్నాడు.

"ఎన్నాళ్ళు పట్టిందండీ ఈ మార్పుకి?" డ్రైవరు భార్య అడిగింది.

ఎండిపోయిన పెదనాన్న నోట్లో మళ్ళీ తడి ఊరింది. "టోపీ కావాలనే తిరగేసి పెట్టానమ్మా. పసిగడుతుందో లేదో చూద్దామని. చూశారుగా?"

చప్పట్లు కొట్టారు. అబద్ధం చెబితే నమ్మినవాళ్ళు, నిజం చెప్పేసరికి ఆ అబద్ధాన్నే ఇంకా గట్టిగా నమ్మారు. వీళ్ళకు మెదడులో ఏది ఎక్కడుంటే మాత్రం ఒరిగేదేముంది, అనుకుంది మూగమ్మ.

పెదనాన్నకు ఊపొచ్చింది. "ఈ పిల్ల రేపు డాక్టరవుతుంది, రాసి పెట్టుకోండి."

ఆ మాట కింద పడనివ్వలేదు మూగమ్మ.

"అయితే సైన్సులో చేరమంటారా పెదనాన్నా? నా నుదురు ఇరుకన్నారుగా."

రూళ్ళకర్ర గాలిలో ఆగిపోయింది. చేరొద్దంటే మెదడు మారలేదన్నట్టు. చేరమంటే ఫోన్లెత్తే మనిషి పోయినట్టు. పెదనాన్న జనం వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు అడ్డు చెప్పే అలవాటు లేనివాడు, ఆయన ఖర్మకు ఈ ఒక్క పూట కూడా చెప్పలేదు.

"ఇరుగ్గానే ఉండేది" అన్నాడు చివరికి. "మన కోర్సుతో వెడల్పైంది. చేరు."

"చేరమ్మా, ఇంత బుర్ర పెట్టుకుని ఆలోచిస్తావేంటి" అన్నాడు దర్జీ.

మెట్లు దిగుతుంటే పెదనాన్న వెనకే వచ్చాడు. "నా నోటితోనే అనిపించావు కదే. సరేలే, వచ్చే ఆదివారం ఇలాగే తిప్పి చెప్పు. బాగా పండింది."

"చదువుకోవాలి పెదనాన్నా" అంది మూగమ్మ, గోడకేసి చూస్తూ.

వీధిలోకొచ్చాక నాన్న ఆమె పక్కనే నడిచాడు. మూగమ్మకు ఆయన మీద కోపం, జాలి రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో తేల్చుకోలేదు.

"టోపీ... పరీక్ష కోసమేనా?" అడిగాడాయన.

"కాదు. తెలియక."

నాన్న తలూపాడు. నాలుగడుగులు వేసి, టైర్ల షాపు వైపు ఓసారి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు.

"రేపు పొద్దున్నే పోయి నీ పేరు రాయించేద్దాం. అన్నయ్య నిద్రలేచేలోగా."