మొదట చదవవలసిన పేజీ

నేను ఒక పేజీని. కాగితం పేజీని కాను, కంప్యూటర్ తెర మీద కనబడేదాన్ని. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ వాళ్లు వెబ్‌సైట్లు కట్టడానికి ‘తెప్ప’ అనే ఫ్రేమ్‌వర్క్ తయారుచేసుకుని, బయటివాళ్లూ వాడుకునేలా నెట్‌లో పెట్టారు. ఇల్లు కట్టేవాళ్లకు ముందే కోసిపెట్టిన దూలాలూ వాసాలూ ఎలాగో, ప్రోగ్రామర్లకు అది అలాగ. దాన్ని కొత్తవాళ్లకు పరిచయం చెయ్యడం నా పని. ‘మొదట ఇది చదవండి’ అని నా నెత్తిన రాసిపెట్టారు. చదివి బాగుపడినవాళ్లను మాత్రం నేనెరగను.

నన్ను రాసింది కోదండపాణి. తెప్పను కట్టిందీ ఆయనే. తెలివైనవాడే కాని, తనకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకునే రకం. ‘స్టేట్ మారగానే కాంపొనెంట్ మళ్లీ రెండర్ అవుతుంది’ అంటూ మొదలుపెట్టేశాడు. స్టేట్ అంటే ఏమిటో ఎక్కడో నా తర్వాత వచ్చే చివరి పేజీల్లో ఉంది. కాంపొనెంట్ అంటే ఏమిటో అసలెక్కడా లేదు. తర్వాత వచ్చినవాళ్లు తలా ఒక పేరా తెచ్చి నాలో కుక్కారు. ఎవరు చేసిన భాగం వాళ్లకు ముందుండాలి! చదివేవాళ్లను తలుచుకున్న పాపాన ఒక్కరూ పోలేదు. తిట్లు మాత్రం నాకు.

అప్పుడు సౌదామిని చేరింది. ప్రొబేషన్ అయ్యేలోగా తెప్పతో పని చెయ్యగలనని చూపించకపోతే ఉద్యోగం పోతుంది. నన్ను చదివింది, మళ్లీ చదివింది, నుదురు కొట్టుకుంది. కోదండపాణిని అడిగితే, “అంతా అందులోనే ఉందమ్మా. శ్రద్ధగా చదువుకో” అన్నాడు. ఎప్పుడడిగినా అదే జవాబు.

“నాకే బుర్ర లేదేమో అక్కా” అంది, పక్క సీటులో ఏళ్లుగా పనిచేస్తున్న నూకరత్నంతో.

నూకరత్నం గొంతు తగ్గించింది. “నాకు మాత్రం అర్థమైందేటి? అర్థమైనట్టు తలూపీసేను. ఇక్కడందరూ అంతే.”

సౌదామిని లేచి తిన్నగా కోదండపాణి దగ్గరికి వెళ్లింది. “సార్, ఈ పేజీ మా కోసం రాసింది కాదు. మీకోసం మీరు రాసుకున్నారు.”

“అయితే నువ్వే రాయి!” అన్నాడాయన విసురుగా.

రాసింది. నూకరత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త పేజీ రాసింది. ముందు చదివేవాళ్ల చేత తెర మీద ఒక మీట చేయించింది. నొక్కితే అంకె పెరుగుతుంది. ఆ తర్వాతే, ‘మీరిప్పుడు చేసింది కాంపొనెంట్, అందులో మారిన అంకె స్టేట్’ అని పేర్లు చెప్పింది. చేత్తో చెయ్యనిదానికి పేరు పెట్టలేదు. కోదండపాణి నిలబడే అంతా చదివి, “ఇంతేనా?” అన్నాడు, చిన్నబుచ్చుకున్నట్టు. ఆమె ఉద్యోగం నిలిచింది.

నన్ను పాత వెర్షన్ల మూలకు నెట్టి, ‘ఇది ఇప్పుడు చెల్లదు’ అని పసుపు పట్టీ అంటించారు. ఆ పట్టీని ఎవరూ చూడరు. నెట్‌లో తెప్ప కోసం వెతికేవాళ్లకు ఇంకా ముందు తగిలేది నేనే. ఇప్పుడే ఎవరో తెరిచారు. మధ్యలో ఆగారు. మళ్లీ పైకి వెళ్లి మొదలుపెట్టారు. తప్పు నీది కాదు తల్లీ, అని చెప్పాలని ఉంది. ఆ మాట నాలో ఎవరూ రాయలేదు.