స్లాబు కింద కట్టెలు

ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ కట్టేవాడు ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషైతే ఏమవుతుందో మాత్రం వాళ్లు చెప్పలేదు. చెప్పి ఉంటే సారవ్వ కాస్త ముందే జాగ్రత్తపడేది.

సారవ్వ భర్త పోశం గోదావరిఖనిలో సపోర్ట్‌మన్‌గా చేసి పోయిన ఏడాది రిటైరయ్యాడు. భూమి లోపల బొగ్గు తీసుకుంటూ పోతుంటే పైనున్న రాతికప్పు మనుషుల మీద పడకుండా కింద మొద్దుకట్టెలు నిలబెట్టడం అతని పని. పని అయిపోయిన చోట ఆ కట్టెలు తీసుకుంటూ వెనక్కి రావడం కూడా అతని పనే. నిలబెట్టడం కన్నా తియ్యడమే ప్రాణాల మీది పనని బాయిలో అందరికీ తెలుసు.

ఉద్యోగం అయిపోయింది, క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊరి చివర షిఫ్టు బస్సులు తిరిగే రోడ్డు పక్కన ఎప్పుడో కొన్న జాగా ఉంది. అందులో రెండు గదులు, వంటిల్లు, ముందర ఇంత అరుగు. పని గులాం అలీ మేస్త్రికి అప్పజెప్పారు. ఖర్చు మాత్రం సారవ్వ ఎవరికీ అప్పజెప్పలేదు. బేరంలో ఆమెతో పెట్టుకుని బాగుపడినవాడు గోదావరిఖనిలో ఇంకా పుట్టలేదు.

పోశం ఎర్ర ఇటుక అన్నాడు. ఆమె బూడిద ఇటుక అంది. చుట్టూ కరెంటు కంపెనీల బూడిద గుట్టలు పెట్టుకుని, ఎక్కడినుంచో ఎర్ర ఇటుక లారీకెత్తి తెప్పించడం ఏం తెలివని ఆమె వాదన. అయినా గుడ్డిగా కొనలేదు. బట్టీకి పోయి రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చప్పుడు విన్నది, ఒకటి నడుము ఎత్తునుంచి కింద పడేసింది, ఇంకొకటి ఇంటికి తెచ్చి తొట్టిలో నానేసింది. బట్టీ అతను ఇటుకకు కట్నం కూడా అడుగుతవా అక్కా అని నవ్వాడు. గదులకు అద్దంలా మెరిసే టైల్స్ వద్దని తాండూరు బండలు చాలంది. కాలు జారితే దవాఖాన ఖర్చు టైల్స్ ఖర్చును మించుతుందని ఆమె లెక్క. ముందు దర్వాజ అయితే ఎవరో పాత ఇల్లు కూలగొడుతుంటే అగ్గువకు తెచ్చి చిత్రిక పట్టించింది. కొత్త కట్టె వాసన తప్ప దానికేం తక్కువ లేదు.

ఇంత పిసినారితనం దేనికంటే, ఒక కిటికీ కోసం. వంటింటికి టేకు కిటికీ, చేతులు బారజాపినంత వెడల్పు, నాలుగు రెక్కలు. అదీ పెరటివైపు కాదు, రోడ్డువైపు. ఆ మాట విన్న ప్రతివాడూ ఒక సలహా ఇచ్చాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు పోతాయి, దుమ్మంతా కూరలో పడుతుందని ఒకరు. టేకు బదులు అల్యూమినియం పెడితే సగం ఖర్చు మిగులుతుందని ఇంకొకరు. పోశం సంగతి సరేసరి. గోడకు అంత బొంద, అంత పెద్ద కంత పెడితే గోడ బలం ఏమైపోవాలని అతని బాధ. సారవ్వ ఎవరికీ కారణం చెప్పలేదు. నాకు కావాలె అంది, అంతే. వడ్రంగి శివ దగ్గర కట్టె కూడా చూసి పెట్టుకుంది. వచ్చే నెలాఖరుదాకా ఆగుతానని, ఆలోపు అడ్వాన్సు రాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని శివ ముందే చెప్పాడు.

స్లాబు రోజు వచ్చేసరికి పోశానికి బాయి పూనింది. ఇనుప సలాకలు దగ్గరదగ్గరగా కట్టమన్నాడు, ఇంకా దగ్గరగా కట్టమన్నాడు. గులాం అలీ గడ్డం గోక్కుని, దీని మీద రైలు నడుపుతావా పోశం భాయ్ అని అడిగాడు. ఇనుము అనుకున్నదానికంటే చాలా ఎక్కువే పోయింది. అయినా సారవ్వ నోరెత్తలేదు. ఇల్లు ఒక్కసారే కడతాం, కప్పు విషయంలో అతని మాట అతనికుండనీ అనుకుంది. కిటికీ డబ్బు వేరే డబ్బాలో ఉందన్న ధైర్యం ఆమెది.

స్లాబు పోశారు. నీళ్లు కట్టారు. మూడు వారాలు గడిచాయి. కింద ఆసరాగా నిలబెట్టిన సెంట్రింగ్ కట్టెలు, రేకులు విప్పుకుపోవడానికి కిరాయికిచ్చిన సదయ్య మనుషులను తీసుకుని వచ్చాడు. పోశం దర్వాజకు అడ్డం నిలబడ్డాడు.

ఇంకో వారం ఉండనియ్యమన్నాడు. సదయ్యకు పోయేదేముంది, రోజు కిరాయి రోజుకు లెక్క. సరేనని వెళ్లాడు. వారమైంది, ఇంకో వారమన్నాడు. ఆ వారం కూడా అయ్యేసరికి సదయ్యకే సిగ్గేసింది. అవతల వేరే ఇంటివాళ్లు కట్టెల కోసం కూర్చున్నారని మొత్తుకున్నాడు. పోశం పొద్దున్నే సబ్బలు, అంటే గడ్డపార, పట్టుకుని వచ్చి పైకెక్కి స్లాబును గది గదికీ తట్టి, చెవి రిక్కించి విని వెళ్లేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, బోలు కప్పు గుబ్బుమంటుంది. ఇదెప్పుడూ ఖంగుమంటూనే ఉంది. అయినా అతనికి నమ్మకం కుదరలేదు.

గులాం అలీ వంతు కూడా అయింది. సిమెంటు పట్టేసిందని, అన్ని సలాకలు వేసిన స్లాబుకు ఫికర్ ఏందని బతిమాలాడు. పక్కన ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అవుతుంది కదా, రోజూ ఇంత అదురుకు ఒక్క గీతైనా పడిందా చూడమన్నాడు.

"కట్టెలున్నయ్ గాబట్టి పడలే," అన్నాడు పోశం.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కట్టెలు తీస్తే గానీ స్లాబు నిలుస్తుందని తెలియదు, నిలుస్తుందని తెలిస్తే గానీ అతను కట్టెలు తియ్యనివ్వడు.

కిరాయి మటుకు ఆగలేదు. మొదట గోడలకు పూయించాల్సిన గిలాబు డబ్బు పోయింది, దాన్ని పూడ్చడానికి సారవ్వ కిటికీ డబ్బాలో చెయ్యి పెట్టింది. పెట్టిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఇటుక ఇటుకకూ బేరమాడి కూడబెట్టింది కట్టెల కిరాయికి కరిగిపోతోంది. నెలాఖరు దగ్గరికొచ్చింది. ఒక పూట ఇద్దరూ గట్టిగానే గొడవపడ్డారు కూడా. కానీ సబ్బలుతో తడుతున్నప్పుడు అతని మొహం చూస్తే, తిట్టడానికి నోరు రాలేదు. ఆ మొహంలో మొండితనం లేదు, భయం ఉంది. ఆ భయం ఆమెకు కొత్త కాదు.

అందుకే ఆమె సదయ్యనూ మేస్త్రినీ వదిలేసి బస్టాండు దగ్గర చాయ్ బండి పెట్టుకున్న కొమురెల్లి దగ్గరికి పోయింది. కొమురెల్లి బాయిలో పోశం జోడీ. ఒకరు కట్టె తీస్తుంటే ఒకరు కప్పు చప్పుడు వినేవాళ్లు. ఒక షిఫ్టులో రాయి జారి కొమురెల్లి కాలు మీద పడితే పోశమే ఈడ్చుకొచ్చాడు. కాలు దక్కింది గానీ నడక వంకరపోయింది.

కొమురెల్లి కథంతా విని, ఆమెకు చాయ్ పోసి నవ్వాడు.

"గది సదయ్య మనుషులు జేసే పని గాదు వదినె. బాయిల కట్టెలు తీసిన చెయ్యే గిక్కడ గూడ తియ్యాలె. ఎవడో పోరగాడు అచ్చి గుంజిపారేస్తనంటే అన్న పానం ఎట్ల ఒప్పుతది?"

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తనకు తట్టనందుకు సారవ్వ తనను తానే తిట్టుకుంది.

మర్నాడు ఆ ఇంటి ముందు జనం బాగానే పోగయ్యారు. పోగవ్వరా మరి. పోశం, కొమురెల్లి, ఇద్దరు ముసలివాళ్లు పాత బాయి టోపీలు పెట్టుకుని, రెండు గదుల ఇంటిని బాయిలా చూసుకుంటూ లోపలికి పోతుంటే చూడటానికి టికెట్ పెట్టినా వస్తారు. గులాం అలీ పెదవి కొరుక్కుంటూ అరుగు దగ్గర నిలబడ్డాడు. పోశం వెనక గది మూలనుంచి మొదలుపెట్టాడు. బాయిలో అదే పద్ధతి, లోపలి కొసనుంచి తీసుకుంటూ బయటికి దారి ఉంచుకుని రావాలి. కట్టె కింద చెక్కముక్కను సుత్తితో కొట్టడం, కట్టె లాగడం, రేకు ఊడదియ్యడం, ఇద్దరూ గోడ పక్కకు తప్పుకుని వినడం. కొమురెల్లి తలూపితేనే తరవాతి కట్టె. సదయ్య మనుషులు గంటలో చేసే పని మధ్యాహ్నందాకా సాగింది. కానీ సాగింది. కట్టెలు ఒక్కొక్కటే బయటికొచ్చి పడుతుంటే సారవ్వకు ప్రాణం లేచొచ్చింది.

వంటిల్లు రోడ్డువైపు, దర్వాజ పక్కనే కాబట్టి దాని వంతు ఆఖరున వచ్చింది. అక్కడ కూడా అన్నీ తీసి, సరిగ్గా కిటికీ కోసం వదిలిన బొంద ముందరున్న ఒక్క కట్టె దగ్గర పోశం ఆగిపోయాడు. సుత్తి ఎత్తాడు, దించాడు. ఇదొక్కటి ఉండనియ్యమన్నాడు. ఒక్క కట్టెకు కిరాయి ఎంతవుతుంది, కావాలంటే కొనేస్తానన్నాడు. కొమురెల్లి చెప్పి చూశాడు, మేస్త్రి చెప్పి చూశాడు. పోశం నుదురంతా చెమట.

సారవ్వ లోపలికొచ్చి అతని చేతిలో సుత్తి తీసుకుంది.

"ముప్పై ఏండ్లు నువ్వు కప్పు కిందున్నవ్, నేను బయటున్న. ఇయాల నేను కప్పు కిందుంట. నువ్వు జర బయట కూసో."

పోశం కదల్లేదు. కొమురెల్లి అతని భుజం పట్టి బయటికి నడిపించాడు. ఆమె చీర కొంగు బిగించి చెక్కముక్క మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకు కట్టె వదులై గోడకు ఒరిగింది. రేకు దభీమని పడింది. అదే సమయానికి ఓపెన్‌కాస్ట్ సైరన్ మోగింది. బ్లాస్టింగుకు ముందు మోగే సైరన్. ఆమె దీన్ని అనుకుని చెయ్యలేదు గానీ, ఇప్పుడు బయటికి ఉరికితే మళ్లీ ఆ కట్టె లోపలికొస్తుందని తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని నెత్తి మీద ఆసరా లేని స్లాబు కింద నిలబడింది. భయం వెయ్యలేదా అంటే వేసింది.

కిటికీ బొందలోంచి పోశం కనపడుతున్నాడు. ఇటుకల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎవరో ఏదో అడిగితే వినిపించుకోలేదు. అవన్నీ సారవ్వకు తెలిసినవే. క్వార్టర్ గడపలో ఆమె వేసిన వేషాలే. షిఫ్టు దిగే వేళ దాటినా మనిషి రాని రోజుల్లో ఆమె అట్లాగే గడప వదలక కొంగుతో మొహం తుడుచుకునేది, ఎవరేమడిగినా వినిపించుకునేది కాదు.

కాళ్ల కింద నేల ఒక్కసారి అదిరింది. బొంద అంచునుంచి ఇంత ఇసుక రాలింది. స్లాబు ఉలకలేదు, పలకలేదు. బయట ఎవరో ఈల వేశారు. సారవ్వ వెంటనే బయటికి రాలేదు. ఇన్ని రోజులు కిటికీ డబ్బు తిన్న మనిషిని ఇంకో నిమిషం నిలబెడితే తప్పేం లేదనుకుంది.

పోశమే వచ్చాడు. దర్వాజలోంచి కాదు, బయటినుంచి బొంద దగ్గరికొచ్చి, అంచు మీద రెండు చేతులు వేసి ఆమెను చూశాడు.

"గన్నేండ్లు ఎట్ల కూసున్నవే?"

"కూసోలే. నిలవడ్డ. క్వార్టర్ వంటింట్ల కిటికి లేకపాయె. కూర మాడినా మంచిదే అని దర్వాజల్నే నిలవడ్డ."

పోశం ఆమె మొహం చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, బొందలోంచి చూస్తే ఏం కనపడుతుందో అటు చూశాడు. రోడ్డు కనపడింది, రోడ్డు మలుపు కనపడింది, మలుపులో షిఫ్టు బస్సు ఆగే చోటు కనపడింది.

"ఇప్పుడు నేను డ్యూటీకి పోతలేను గదనే," అన్నాడు మెల్లగా.

"ఈ స్లాబు కింద బొగ్గు లేదు గద. నువ్వు కట్టెలు తీయనిచ్చినవా?"

గులాం అలీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. పోశం కూడా నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత సారవ్వ మామూలు సారవ్వ అయిపోయింది. డబ్బాలో మిగిలినదానికి చౌకట్టు టేకుది వస్తుంది, రెక్కలు వేపకట్టెవి చాలు, వేపకు చెద పట్టదు అని అప్పటికప్పుడు తేల్చేసింది. సదయ్యను పిలిచి కట్టెలన్నీ ఇప్పుడే ఎత్తుకుపొమ్మంది, ఆ ఒక్కదానితో సహా. పోశం టోపీ తీసి ఇటుకల మీద పెట్టి డబ్బా అడిగాడు. శివ దగ్గరికి తనే పోయి అడ్వాన్సు ఇచ్చి వస్తానన్నాడు. తోడు రమ్మంటావా అని కొమురెల్లి అడిగితే వద్దన్నాడు.

అతను మలుపు తిరిగేదాకా సారవ్వ బొంద దగ్గరే నిలబడి చూసింది. లోపల ఊడ్చుకోవలసిన పని చాలానే ఉంది. అయినా అతను తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడింది.