తొట్టిలో అన్నం డబ్బా

చిన్న టీచర్‌కి పిల్లలంటే భయం లేదు. వెనక బెంచీలో పెద్దవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటేనే భయం.

టీచరు కావడానికి రాయాల్సిన పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కింది. మిగిలింది ఒక్క పాఠం. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు అరగంటసేపు పాఠం చెప్పి ఒప్పించాలి. కిందటేడు ఆ అరగంట దగ్గరే బోల్తా పడింది. ఆమె ప్రశ్న వేస్తే పిల్లలు బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. చివరికి తన ప్రశ్నలకు తానే జవాబులు చెప్పుకుని, చెమట తుడుచుకుంటూ బయటపడింది. ఈసారీ తప్పితే రాత పరీక్షలతో సహా అన్నీ మొదటినుంచి రాయాలి. అన్నాళ్ళూ బడిలో ఆమె చోటు ఖాళీగా ఉంచరు.

అందుకే ఈసారి పాఠం ముందే ఎంచుకుంది. నీటిలో తేలేవి, మునిగేవి. లోపలున్నది బయటికి కనిపించే పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి వదిన దగ్గర ఉంటే అడిగింది.

"ఇస్తాను గానీ, తప్పి ఏడ్చుకుంటూ వస్తే ఆ నీళ్ళు కూడా ఇందులోనే పట్టు. ఇల్లంతా తడపకు," అంది వదిన.

"బయల్దేరేముందు ఒక్క మంచిమాట చెప్పరాదా వదినా?"

"చెప్తున్నాగా. తొట్టి పగలకుండా తీసుకురా. అంతకన్నా మంచిమాట నా దగ్గర లేదు."

వారమంతా అదే పాఠం. ఆకు తేలుతుంది, మేకు మునుగుతుంది, చెక్కముక్క తేలుతుంది, రాయి మునుగుతుంది. ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో కూడా పంచిపెట్టింది. అందరూ సరిగ్గా చెప్తే నమ్మేలా ఉండదని ఒక తప్పు జవాబు కూడా కలిపి, దాన్ని పెద్దమనిషికి అప్పగించింది. పెద్దమనిషి అంటే తరగతిలో అందరికన్నా పొట్టివాడు. చేతులు వెనక్కి కట్టుకుని తాతలా నడుస్తాడని ఆ పేరు వచ్చింది.

"తెలిసి తెలిసి రాయి తేలుతుందని ఎలా చెప్పను టీచర్? రేపు నా మాట ఎవరు నమ్ముతారు?" అన్నాడు వాడు.

"నాకోసం ఒక్కసారి చెప్పు నాన్నా."

"మీరు కాబట్టి ఒప్పుకుంటున్నా."

పరీక్ష రోజు ఎగ్జామినర్ మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని పెన్ను తీసింది. చిన్న టీచర్ గొంతు సవరించుకుంది.

"పిల్లలూ, ఇవాళ మనం..."

"తేలేవి, మునిగేవి!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆమె సంచిలోంచి ఆకు తీసిందో లేదో, "తేలుతుంది టీచర్! తర్వాత మేకు మునుగుతుంది, చెక్క తేలుతుంది!" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది పిచ్చుక. ఆ పిల్లకి నోరు మూసుకోవడమంటే ముక్కు మూసుకున్నంత కష్టం. తన వంతు ఎక్కడ దాటిపోతుందోనని పెద్దమనిషి గబుక్కున లేచాడు. రాయి ఇంకా సంచిలోనే ఉంది.

"రాయి తేలుతుంది టీచర్," అన్నాడు. వెంటనే వెనక్కి తిరిగి, "తేలదు మేడమ్. నాకు తెలుసు. చెప్పమన్నారని చెప్పాను," అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

అరగంట పాఠం అయిదు నిమిషాల్లో అయిపోయింది.

"వాళ్ళకన్నీ వచ్చినట్టున్నాయే. మరి మీరు ఇవాళ నేర్పేదేమిటి?" అని అడిగింది ఎగ్జామినర్.

"కిందటేడు నోరు విప్పలేదండీ. అందుకని ఈసారి ముందే..." మాట సగంలో ఆగిపోయింది.

"ఇంకా టైముంది. కానివ్వండి." ఆమె మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

సంచిలో పిల్లలకు తెలియనిది ఒక్కటీ లేదు. చిన్న టీచర్ కళ్ళు గదంతా వెతికి, ఎగ్జామినర్ పక్కనున్న స్టీలు డబ్బా మీద ఆగాయి.

"మేడమ్, ఆ డబ్బా ఒకసారి ఇస్తారా?"

"ఇందులో నా మధ్యాహ్నం అన్నం ఉందమ్మా."

"మూత గట్టిదేనాండీ?"

"నిన్నటిదాకా గట్టిదే," అంటూ అందించింది ఆవిడ.

చిన్న టీచర్ డబ్బాను పైకెత్తి చూపించింది. "మరి ఇది?"

గది నిశ్శబ్దమైపోయింది. మళ్ళీ రాళ్ళేనా అనుకుంది ఆమె. కానీ ఈసారి జవాబు తనే చెప్పేయలేదు, ఆగి చూసింది. తలలు పక్కకు ఒరిగాయి, నొసళ్ళు ముడిపడ్డాయి.

"మునుగుతుంది. మేకు మునిగిందిగా. అదీ ఇనుమే, ఇదీ ఇనుమే," అంది పిచ్చుక.

"లోపల గాలుంటుందే!" అని ఎవరో అందుకున్నారు.

"అన్నం ఉన్నచోట గాలెక్కడుంటుంది? మేడమ్, నిండా పెట్టుకున్నారా, సగమా?"

"సగానికి కాస్త పైన," అంది ఎగ్జామినర్, పెన్ను పక్కన పెట్టి.

"టీచర్, ఇది మీరు చెప్పలేదు. జవాబేంటి?" అని నిలదీశాడు పెద్దమనిషి.

"నాకూ తెలీదు," అంది చిన్న టీచర్.

"టీచర్‌కీ తెలీదంట!" ఇక ఆ సంబరం చూడాలి. ఒకరి తర్వాత ఒకరు డబ్బాను చేత్తో తూచి చూశారు. తేలుతుందన్నవాళ్ళు కిటికీ వైపు, మునుగుతుందన్నవాళ్ళు తలుపు వైపు నిలబడ్డారు. పెద్దమనిషి మాత్రం మధ్యలోనే ఉండిపోయాడు. "ఇందాకే ఒకసారి మాట పోయింది. ఈసారి చూశాకే చెప్తా."

"మీరెటు మేడమ్?" అని అడిగింది పిచ్చుక.

ఎగ్జామినర్ లేచి కిటికీ వైపు నడిచింది. "నా అన్నం కదా, తేలాలనే కోరుకుంటాను."

చిన్న టీచర్ డబ్బాను మెల్లగా నీళ్ళలో వదిలింది. అది మెడదాకా దిగి, ఓ పక్కకి ఒరిగి, తేలింది. కిటికీ వైపు ఈలలు మోగాయి. అంతలో మూత పక్కనుంచి బుడగలు వరసకట్టాయి. డబ్బా ఇంకాస్త ఒరిగి, నింపాదిగా అడుక్కి చేరింది. ఇప్పుడు తలుపు వైపు గోల మొదలైంది.

"ముందు తేలింది!"

"చివరికి మునిగింది!"

"గాలున్నంతసేపే తేలింది! నీళ్ళు దూరి గాలి బయటికొచ్చేసింది, బుడగలు చూళ్ళేదా?" ఇప్పటిదాకా మునుగుతుందన్న పిచ్చుకే అరిచింది.

"మూతది తప్పు, డబ్బాది కాదు," అని తీర్పు చెప్పాడు పెద్దమనిషి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

పిల్లలు వెళ్ళాక ఎగ్జామినర్ డబ్బా తెరిచి చూసుకుంది. లోపల అన్నం కాదు, గంజి.

"పాఠం వల్లె వేయించి తెచ్చారు. దానికి మార్కులు కోసేశాను," అంది.

"అవునండీ."

"తర్వాత చెప్పిన పాఠానికి వేశాను. కోసినవాటికన్నా అవే ఎక్కువొచ్చాయి. పాసయ్యారు."

చిన్న టీచర్ తన డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "నా భోజనం తినండి మేడమ్."

"ఇటివ్వండి. ఆకలితో ఉంటే నాకు సంతకం కుదరదు."

మర్నాడు పొద్దున బడి తెరిచేసరికి తొట్టి చుట్టూ గరిటెలు, దువ్వెనలు, ఒంటి చెప్పు, ఎవరో తాతగారి కళ్ళజోడు పెట్టె పోగుపడి ఉన్నాయి. ఇంకా హాజరైనా వేయకముందే ఒకావిడ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది.

"టీచరమ్మా, మా ఇంటి తాళంచెవి మావాడు ఇక్కడికి పట్టుకొచ్చాడంట. ఇంటికి తాళం వేయకుండానే వచ్చేశాను!"

చిన్న టీచర్ మోచేతిదాకా తొట్టిలో చెయ్యి పెట్టింది.

"ఉందండీ, అడుగునే ఉంది. మునుగుతుందని ఇప్పుడే తేల్చాం."