గట్టు మీద నడవమన్నారు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న ఈనాక్, అమ్మ పోయాక ఆయన చేసుకున్న పిన్ని కెజియా, తమ్ముడు జోబ్, చెల్లెలు మెర్సీ, ఇంకా పేరు పెట్టని చంటిపాప, నేను. ఇల్లంటే కాలవ మీద బొగ్గు మోసే పడవ వెనక భాగంలో ఉన్న చిన్న గది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు ఉండవచ్చని దానికి అనుమతి. ఆరో మనిషిని నేను. పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండి బడికి వెళ్లేదాన్ని. చలికాలంలో అమ్మమ్మ పోయింది. ఆ అద్దె ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చేశారు. పడవ తప్ప నాకు చోటు లేదు.

గ్రిమ్లీ పట్నంలో పడవల్లో మనుషులను లెక్కపెట్టే ఇన్‌స్పెక్టరు ఉంటాడు. పొగగొట్టాలు కనబడగానే నాన్న పడవను గట్టుకు చేర్చాడు.

"థర్జా, దిగి వెనకాల నడువమ్మా. మమ్మల్ని ఎరగనట్టే ఉండు. ఎవరైనా అడిగితే మాది ఈ ఊళ్లోనే చాపెల్ వీధి అని చెప్పు."

"అడిగినా నోరు విప్పదులే," అంది పిన్ని చుక్కాని దగ్గర నుంచి. "దిగవే, ఇంకా చూస్తావేం?"

జోబ్ గట్టు మీద పడవను లాగే గుర్రాన్ని నడిపిస్తున్నాడు. పడవ ముందు సాగింది. నేను చాలా వెనక నడిచాను. రెండు వైపులా ఫ్యాక్టరీ గోడలే. నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. వంతెన మీద మగపిల్లలు కాచుకుని ఉన్నారు.

"పడవోళ్లొచ్చార్రా! నీళ్లల్లోనే ఉంటారు, నీళ్లు మాత్రం పోసుకోరు!"

"మీ అమ్మని పంపండ్రా, వీపు రుద్దుతుంది!" అని అరిచింది పిన్ని.

వాళ్లు రాళ్లలాంటి కొలిమి చిట్టెం ముక్కలు విసరసాగారు. ఒకడు మెట్లు దిగి వచ్చి నా చేతిలో ఒక ముక్క పెట్టాడు. బడికి వేసుకునే బూట్లు చూసి నన్ను పట్నం పిల్ల అనుకున్నాడు.

"నువ్వూ వెయ్యవే. ఆ ముసల్దాని టోపీకి గురి చూడు."

అందరూ నన్నే చూస్తున్నారు. నీళ్లలో పడేటట్టు వేశాను. చుక్కలు ఎగిరి పిన్ని మీద పడ్డాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఈసారి మాత్రం తిట్టలేదు.

కాలవ నీటిమట్టం మార్చడానికి గేట్లు పెట్టిన లాకు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. నాన్న గట్టు మీదికి దిగాడు.

"ఎంతమందయ్యా ఈనాక్?"

"అయిదుగురమండీ."

"మరి ఆ పిల్ల?"

"ఎవరో గట్టు పిల్లండీ. నాకేం తెలుసు?"

ఆయన నన్ను పిలిచి ఏ వీధి అని అడిగాడు. "చాపెల్ వీధి" అన్నాను. ఆయన తల ఊపాడు. గండం గడిచిందనుకున్నాను.

జోబ్ లాగుడు తాడు విప్పేశాడు. పడవ లాకులోకి వస్తోంది. బొగ్గుతో నిండిన పడవ తనంతట తాను ఆగదు. లాకు పక్కనున్న గుంజకు తాడు చుట్టి, కొద్దికొద్దిగా వదులుతూ ఆపాలి. అది నాన్న పని. ఇన్‌స్పెక్టరేమో మంచినీళ్ల డబ్బా శుభ్రంగా లేదని నాన్నను వదలడం లేదు.

"ఈనాక్! తాడు!"

పిన్ని విసిరిన తాడు నా కాళ్ల దగ్గర పడింది. మెర్సీ గది కప్పు మీద కూర్చుని ఉంది, పడవ గేటుకు గుద్దుకుంటే నీళ్లలో పడిపోతుంది. నేను ఆలోచించలేదు. తాడు అందుకుని గుంజకు రెండు చుట్లు వేశాను. తాడు అరచేతులు కాలుస్తూ జారింది. పడవ ముక్కు గేటుకు జానెడు దూరంలో ఆగింది.

ఇన్‌స్పెక్టరు మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"చాపెల్ వీధిలో ఇది కూడా నేర్పుతున్నారా?"

కాలిన అరచేతులు వెనక్కి దాచుకున్నాను. ఆయన నాన్న వైపు తిరిగాడు. "మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పను. వచ్చినప్పుడు ఈ పిల్ల లోపల ఉంటే పడవ ఇక్కడే ఉండిపోతుంది."

సాయంత్రం పై లాకు దగ్గర పడవ కట్టేశారు. వాన మొదలైంది. నేను గట్టు మీదే నిలబడ్డాను.

"ఈ ఒక్క రాత్రికి గదిలో కింద పడుకుంటుందిలే కెజియా," అన్నాడు నాన్న.

"వాడొచ్చి పడవ ఆపేస్తే వీళ్లందర్నీ నీ గుర్రం మీద పడుకోబెడతావా?"

"అది తాడు పట్టకపోతే..."

"పట్టింది కాబట్టే దొరికిపోయాం." పిన్ని నా వైపు చూసింది. "తాడు నీకు విసిరానా?"

"లేదు పిన్నీ."

"మరి?"

మెర్సీ కప్పు మీద ఉందని చెప్పాలనుకున్నాను.

"అక్క లోపలికి రాదా?" అంది మెర్సీ లోపలి నుంచి.

పిన్ని ఒక రొట్టె ముక్కా, గుర్రానికి కప్పే దుప్పటీ అందించింది. "లాకు పక్కనున్న గుర్రపుశాలలో పడుకో. పొద్దున్నే ఊళ్లో పని వెతుక్కో. చదువుకున్నావుగా."

"నాన్నా," అన్నాను.

నాన్న నోరు తెరిచేలోగా పిన్ని తలుపు రెక్కలు రెండూ లాగి, లోపల గడియ పెట్టింది.