ఆనవాళ్ల గడి

మధ్యాహ్నానికి ఈశ్వరప్ప గొంతు బొంగురుపోయింది. పొద్దున హిందూపురంలో రైలెక్కి వచ్చిన దగ్గర్నుంచీ తాలూకా కచేరి వసారాలో చదువుతూనే ఉన్నాడు. పాతికేళ్ల కిందటి పెద్ద యుద్ధంలో చచ్చిన సిపాయిల పెన్షన్ రిజిస్టర్లు చెదలు తినేశాయి. వాటికి నకళ్లు రాసిపెడతామని హిందూపురం గ్రంథాలయ సంఘం కుర్రాళ్లు తమంతట తామే ముందుకొచ్చారు. ఒకడు బిగ్గరగా చదవాలి, ఇంకొకడు రాయాలి. కూలి లేదు. బొరుగులు, కాఫీ కూడా సొంత ఖర్చే. ఇంత సేవ చేస్తున్నందుకు ఈశ్వరప్ప లోలోపల మురిసిపోతున్నాడు.

ఆ రోజే పెన్షన్ బట్వాడా. సిపాయిల వితంతువులు ఏడెనిమిది మంది వసారా మెట్ల మీద కూర్చున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గరి పల్లె నుంచి నడిచొచ్చిన చౌడక్క అందరికంటే ముందుంది. ఆమె మొగుడు బస్రాలో పోయాడు. నెలకు ఐదు రూపాయలు, ఆరు నెలలకొకసారి ఇస్తారు. ఈ 1943లో రాగుల ధర మండిపోతుంటే, ఆమెకూ మనవరాలికీ వానలదాకా ఆ ముప్పై రూపాయలే గతి.

చౌడక్క పేజీలో ఆఖరి గడి బాగా మసకబారింది. నకలు రాస్తున్న లింగప్ప విసుక్కున్నాడు.

"తెలీలేదని రాసేద్దాం లేబ్బా."

ఈశ్వరప్ప ఒప్పుకోలేదు. భూతద్దం పెట్టి, పేజీని వెలుతురుకు తిప్పి, అక్షరమక్షరం కూడబలుక్కున్నాడు. చివరికి దొరికింది. గెలిచినవాడిలా గట్టిగా చదివాడు.

"ఆనవాలు: ఎడమ తొడ లోపలివైపు, అరచేతంత కాలిన మచ్చ."

బీడీలు తాగుతున్న బంట్రోతులు కిసుక్కున నవ్వారు. చౌడక్క కూర్చున్నచోటే మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. అప్పటికి గాని ఈశ్వరప్పకు తానేం చదివాడో తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

గుమాస్తా బాలప్ప నకలు లాక్కుని చూశాడు. చెదలు తిన్న పుస్తకంలో ఈ గడి ఎవరికీ కనబడక ఇన్నేళ్లూ వేలిముద్రతో సరిపెట్టేవాళ్లు. ఇప్పుడు నల్లటి సిరాతో స్పష్టంగా కనబడుతోంది.

"ఏమ్మా, ఆనవాలు సూసినట్ల నేను సంతకం పెట్టల్ల. లోపలికి రా," అన్నాడు.

"ఇరవయ్యారేండ్లుగా ఏలిముద్ర ఏస్తాండా గదప్పా. అది నాది గాదా?"

"రూలుండాది. సూడకుండా దుడ్లు ఇచ్చేకి నాకు అధికారం లేదు."

"ఆ మచ్చ మంత్రసానికి తెలుసు, సచ్చిన నా మొగునికి తెలుసు. ఆ పొద్దు మంత్రసాని జెప్తే కరణం రాసుకున్యాడు. నీకెందుకప్పా సూపిచ్చల్ల?"

ఈశ్వరప్ప లేచాడు. ఎలాగైనా సరిదిద్దాలన్న ఆత్రంలో నోరు జారాడు.

"నేను సూసినానని సాక్షి సంతకం పెడతా స్వామీ. ఆమె దుడ్లు ఆమెకిచ్చేయండి."

ఈసారి నవ్వు పెద్దగానే వినిపించింది. చౌడక్క అతని వైపు తిరిగింది.

"సూసినానని రాస్తావా నాయనా? ఆ కాగితాన్ని రేపు ఇంకొకరు ఇట్లే అరిసి సదువుతారు గదా. నా మనవరాలు యాడ తలెత్తుకుంటాది?"

అతనికి భూమి చీలితే బాగుండుననిపించింది. బంట్రోతులు నవ్వుతున్నా, ఆమెను బజారుకెక్కించింది మాత్రం తన చదువే.

చౌడక్క కొంగు దులుపుకుని లేచింది.

"ఆ దుడ్లు మీ కాడే పెట్టుకోండి. నేను సూపియ్యను," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"కడుపు కాలితే ఆమే వస్తాది. నువ్వు తరవాత పేరు సదువబ్బా," అన్నాడు బాలప్ప.

తరువాతి పేరు ఉలిగమ్మది. మెట్టు మీదున్న ఆ ముసలామెకు తన గడిలో ఏం రాసి ఉందో తెలియదు. అయినా రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని ఈశ్వరప్ప నోటివైపే చూస్తోంది.

ఈశ్వరప్ప రిజిస్టరు మూసేశాడు.

"నేను సదవను స్వామీ."

ఆ మాట గంట ముందు అనవలసింది. బయట చౌడక్క అప్పటికే ఎండలో వట్టి చేతులతో చాలా దూరం నడిచిపోయింది.