నాలుగో గిన్నె

నేను ఒక స్టీలు క్యారేజీని. నాలుగు గిన్నెలు, ఒక మూత, పక్కల రెండు గొళ్ళేలు, పైన పిడి, అంతే నా సంసారం. పుట్టుక గురించి పెద్దగా గుర్తు లేదు. రేకును నొక్కారు, మెరుగు పెట్టారు, అట్టపెట్టెలో కుక్కి లారీ ఎక్కించారు. భీమవరంలో ఒక సామాన్ల కొట్లో నన్ను కొన్న ఆవిడ, బేరం తెగాక, కొట్టువాడి చేత నా మూత మీద కూతురి పేరు కొట్టించింది. ‘సత్యవేణి’ అని చుక్కలు చుక్కలుగా పొడుస్తుంటే నొప్పి పుట్టిన మాట నిజమే. అయినా పేరున్న వస్తువునయ్యానని లోపల గర్వపడ్డాను. పేరు కొట్టిస్తే వస్తువు చెయ్యి జారదని మనుషులకు గొప్ప నమ్మకం. మొగుళ్ళకు కూడా కొట్టించే వీలుంటే బాగుండునని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

సత్యవేణి మొగుడు వీర్రాజు. రొయ్యల చెరువులకు ఐసు పంపే ఫ్యాక్టరీలో సూపర్వైజరు. సత్యవేణికి తండ్రి రాసిచ్చిన రెండు గదుల ఇంట్లో ఉండేవారు, ఇద్దరే. పొద్దున్నే ఆవిడ వండి సర్దేది, ఆయన నన్ను మోటారు సైకిలుకు తగిలించుకుని వెళ్ళేవాడు. సాయంత్రం ఎండిన మెతుకులతో, పులిసిన చారు వాసనతో తిరిగొచ్చేదాన్ని. తిన్న గిన్నె తొలవాలన్న ఊహ పుట్టే మనిషి కాడాయన. ఆవిడ ఒక్క మాటా అనేది కాదు. ఆయన ఏం మిగిల్చాడో చూసుకుని మర్నాటి కూర మార్చేది.

మొదట్లో నా నాలుగో గిన్నె ఖాళీగానే వెళ్ళేది. ఒకనాడు వీర్రాజు, ఈమధ్య ఆకలెక్కువైంది, కాస్త ఎక్కువ పెట్టమన్నాడు. ఆవిడ మొహం చూడాలి మీరు. మొగుడికి తిండి ఒంటబట్టడం లేదని దిగులుపడే మనిషి! మర్నాటి నుంచి నాలుగో గిన్నె నిండా అన్నం, రొయ్యల ఇగురు రెండింతలు. గోంగూర పచ్చడిలోకి ఉల్లిపాయ కూడా తరిగి పెట్టేది. వండేటప్పుడు సన్నగా పాడుకునేది కూడా.

నా బరువు ఎందుకు పెరిగిందో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఫ్యాక్టరీ వెనక వీధిలో మంగతాయారు అని ఒకావిడ జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. వీర్రాజు నన్ను అక్కడ చాప మీద విప్పాడు. ఇద్దరూ తిన్నారు. అప్పటి నుంచి రోజూ అక్కడే. నా మూత మీది పేరు కనబడకుండా మంగతాయారు దాన్ని తిరగేసి పెట్టేది. ఆవిడ గిన్నెలు తోమబోతే ఆయన వద్దనేవాడు. ఎంగిలిగానే ఇంటికి చేరాలి గదా! ఆ తెలివి ఉద్యోగంలో చూపించి ఉంటే ఈపాటికి మేనేజరయ్యేవాడు. సత్యవేణి పాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ క్యారేజీ నోరు తెరిస్తే అన్నమే గాని మాట రాదు.

ఒక మధ్యాహ్నం ముద్ద నోట్లో ఉండగా, ఫ్యాక్టరీలో మిషను ఆగిపోయిందని ఫోనొచ్చింది. ఆయన చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు. ఎంగిలి గిన్నెలు ఎదురుగా పడి ఉంటే మంగతాయారు చెయ్యి ఊరుకోలేదు. తోమింది, తుడిచింది. ఒకరింటి గిన్నె ఉత్తిగా తిప్పి పంపకూడదని చిన్నప్పుడే అలవాటైన చెయ్యి అది. తను ఎవరింటి గిన్నె పంపుతోందో కూడా తలుచుకోకుండా అడుగు గిన్నెలో చెంచాడు పంచదార వేసి గొళ్ళేలు బిగించింది. సాయంత్రం ఆయన బండి దిగకుండానే నన్ను అందుకుని ఇంటికొచ్చాడు.

సత్యవేణి దొడ్లో కూర్చుని నన్ను విప్పింది. మొదటి గిన్నె తళతళలాడుతుంటే చెయ్యి నెమ్మదించింది. రెండోది, మూడోది. నాలుగోదానిలో పంచదార. చాలాసేపు దానివంకే చూసింది. తరవాత ఆ గిన్నె చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది.

“ఇయ్యాల క్యారేజీ ఎవరు తోమారండీ?”

తనే కుళాయి దగ్గర కడిగానన్నాడు వీర్రాజు, చొక్కా గుండీలు విప్పుకుంటూ. పంచదార సంగతి అడిగితే, టీలోకి తెప్పించింది మిగిలిందన్నాడు.

“ఉత్తి గిన్నె పంపకూడదని మీకెవరు నేర్పారు?”

గుండీ మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. ముందు కోప్పడ్డాడు. తరవాత మంచమ్మీద కూలబడ్డాడు. ఆ తరవాత అంతా చెప్పేశాడు. ఇక ఆ వీధి మొహం చూడనని తల్లి మీద ఒట్టేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. క్షమించేస్తుందని నాకు భయమేసింది. అంతలో ఆవిడ నెమ్మదిగా, ఆ మనిషి మధ్యాహ్నం ఏం తినేదని అడిగింది. ఇక నిజమే తనను కాపాడుతుందనుకున్నాడు పాపం.

“నువ్వు పెట్టిందే. ఇద్దరం తినేవోళ్ళం.”

సత్యవేణి చెయ్యి లాక్కుంది.

“ఆవిడ దగ్గరికెళ్ళడం ఒకటండీ. నా చేత వండించి ఆవిడకి పెట్టడం ఇంకోటి. మొదటిది ఏడిస్తే పోద్దేమో. రెండోది నాకు పోదు. పొద్దున్నకి మీ బట్టలు తీసుకుని ఎల్లిపోండి.”

ఆయన తన అత్తగారికి ఫోను చేశాడు. ఆవిడ కూతుర్ని ఫోను దగ్గరికి పిలిపించుకుని, మగాడన్నాక ఏదో జరుగుతుంది, ఆడదే సర్దుకుపోవాలని నచ్చజెప్పబోయింది. “ఇన్నాళ్ళూ సర్దింది చాలమ్మా,” అని సత్యవేణి ఫోను పెట్టేసింది.

తెల్లారింది. ఏళ్ళ తరబడి అలవాటు, ఆవిడ లేచి వండింది. వండి, ఏ ధ్యాసలో ఉందో, నాలుగు గిన్నెలూ నింపి నన్ను గడప పక్క బల్ల మీద పెట్టింది. వీర్రాజు సంచీతో బయటికొచ్చాడు. ఆయనదీ అలవాటే. వెళ్తూ వెళ్తూ నా పిడి పట్టుకుని ఎత్తాడు. ఈ గడప దాటితే నన్ను ఏ చాప మీద విప్పుతారో నాకు తెలుసు.

“అది అక్కడ పెట్టు.”

పెళ్ళయిన నాటి నుంచి ‘అండీ’ లేకుండా ఆయనతో మాట్లాడిన మనిషి కాదు. వెళ్ళిపొమ్మన్నప్పుడు కూడా ‘పోండి’ అనే అంది. రాత్రంతా ఏదోలా ఆగిపోవచ్చనే ఆశతో ఉన్నాడేమో, ఆ ఒక్క మాటతో ఆయన మొహం పాలిపోయింది. నన్ను బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

సత్యవేణి తలుపు వేసి నేల మీద కూర్చుంది. గొళ్ళేలు తీసింది. ఇగురు అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆవిడ తింటూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆయనకు పెట్టాక అడుగున మిగిలిందే ఆవిడ భోజనం. ఆవిడ వేడన్నం తినడం నేను చూసింది ఆవేళే.