బీడింగు మీద కుంకుడు గింజ

ఫిబ్రవరిలో ఒక శనివారం, పొద్దున పది దాటాక, అనంతగిరి దాపున సుజానా వాళ్ల వాకిట్లో కుంకుడు గింజల పందెం జరిగింది. గెలిచినవాడు విశాఖపట్నం నుంచి సరుకు తెచ్చిన వ్యాను డ్రైవరు దుర్గాప్రసాద్.

అతను వచ్చింది పందేనికి కాదు. సుజానా కొత్తింటి తలుపుల చుట్టూ కొట్టే టేకు బీడింగు దించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఎండెక్కకముందే ఘాటీ దిగిపోదామని వచ్చాడు. సంతకం పడితే సరుకు వెనక్కి పోదు. సోమవారం వడ్రంగి వస్తాడు. గురువారం గృహప్రార్థన. బీడింగు బద్దలు వంకరపోతే గోడకీ చెక్కకీ మధ్య సందు పడుతుంది. ఆ సందు సుజానా బతికున్నన్నాళ్లూ అత్తగారు వరమ్మ నోట్లో నానుతుంది. "అడివిలో ఉండి కర్ర కొనుక్కోడమేటే" అని వరమ్మ ఇప్పటికే నెల్లాళ్లుగా అంటోంది. దుకాణం ఎంచింది సుజానా.

బద్ద వంకర చూడాలంటే ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని, రెండో కన్ను మూసి, పొడుగునా చూడాలి. సుజానా ఫోనులో చూసి నేర్చుకుంది. కానీ ఆమెకి ఒక కన్ను మూస్తే రెండోదీ మూసుకుపోతుంది. భర్త టైటస్ వెనక నిలబడి ఆమె ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆమెకి నవ్వొచ్చింది, బద్ద ఊగింది, ఊగే బద్ద వంకరో కాదో తేలలేదు. టైటస్ చూస్తే అన్నీ తిన్నగానే ఉన్నాయి. పెళ్లాం కొన్నది ఏదైనా అతనికి తిన్నగానే ఉంటుంది.

కంటికి కనబడని వంకర వంకరే కాదని దుర్గాప్రసాద్ పెన్ను చేతికిచ్చాడు.

వాకిట్లో కుంకుళ్లు కొడుతున్న వరమ్మ ఒక గింజ పట్టుకుని లేచింది. బద్దకి నడుమ పొడుగునా గాడి ఉంది. ఒక కొస అరుగు మీద, రెండోది నేల మీద ఆనించి గాడిలో గింజ వదిలింది. ఊట నీళ్లు దింపే వెదురు దోనెలను ఆమె తండ్రి ఇలాగే చూసేవాడు. గింజ సగం దూరం పోయి, గాడి గట్టు దాటి, కోడి ముందు పడింది.

తప్పు గింజదన్నాడు డ్రైవరు. గంపలో వెతికి తనే ఒక గింజ ఎంచుకున్నాడు. బద్దలన్నీ తిప్పి చూసి తనే ఒకటి తీశాడు. గింజ కిందికంటా పోయింది.

వరమ్మ కొంగు దోపింది. "రా బావూ, పక్కపక్కనెట్టి ఒదుల్దాం. ఎవుడిది బేగి దిగుద్దో సూద్దాం."

ఇరుగుపొరుగు పోగయ్యారు. పందెం పాపమని చెప్పడానికి వచ్చిన సంఘపెద్ద ఎలీయేజరు, డబ్బు లేదని తెలిశాక కింది కొస దగ్గర రెఫరీగా కూర్చున్నాడు. డ్రైవరు చెప్పులు విడిచాడు. గింజకి బుల్లెట్ అని పేరు పెట్టాడు. దుకాణం నుంచి ఫోను మోగితే తియ్యలేదు. వరమ్మ ఓడినప్పుడల్లా బద్ద మార్చింది. గింజ దూకేసిన బద్దల్ని సుజానా ఒక పక్కకి చేర్చుతోంది.

మళ్లీ ఓడాక, డ్రైవరు గింజని వెనకనుంచి ఊదుతున్నాడని వరమ్మ నిందేసింది. అతనికి రోషం వచ్చింది.

"ఊదడమేటి మామ్మా, నీ బద్ద వొంకర. ఇందాకటిదీ వొంకరే. నేను సూసుకునే కదా తిన్నటిది తీసాను."

వాకిట్లో కోడి ఒక్కటే కదిలింది.

"అన్నా," అంది సుజానా, "అది ఇంకోపాలి సెప్పు."

దుర్గాప్రసాద్ రెఫరీ వైపు చూశాడు. విన్నానని ఎలీయేజరు తలూపాడు. ముందు నవ్వింది డ్రైవరే. నవ్వుతూ నేల మీద కూలబడితే వరమ్మ వీపు మీద చరిచింది. నవ్వి నవ్వి ఆమె కళ్లంట నీళ్లు కారుతున్నాయి. సుజానా సంతకం పెట్టకుండానే పెన్ను తిరిగిచ్చేసింది. సరుకు పరీక్షలో తప్పిందని డ్రైవరు దుకాణానికి ఫోను చేశాడు. ఏం పరీక్షని అవతలివాళ్లు అడిగారు. కుంకుడు గింజ అన్నాడు. అవతలివాళ్లు మళ్లీ అడిగారు.

పక్కకి చేర్చిన బద్దలు వ్యానెక్కాయి.

సోమవారం వడ్రంగి కంటే ముందే బదులు సరుకు వచ్చింది. దించగానే దుర్గాప్రసాద్ చొక్కా జేబులోంచి బుల్లెట్ తీశాడు. వరమ్మ అరుగు మీద సిద్ధంగా ఉంది. ఏ గింజా గట్టు దాటలేదు. ఆ రోజు మొదటి పందెం వరమ్మ గెలిచింది.